ఎనిమిదో చోటు ఎవరికి?

ఫిబ్రవరి రెండో వారం దాటగానే అమెరికాలోని ముప్పై మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లూ చలిని వదిలి ఎండ పట్టుకు చేరతాయి. పదిహేను ఫ్లోరిడాకు, పదిహేను అరిజోనాకు. ముందు పిచర్లు, క్యాచర్లు దిగుతారు. తక్కినవాళ్లు కొన్ని రోజులు ఆగి వస్తారు. మార్చి ఆఖరులో అసలు సీజన్ మొదలయ్యేదాకా సాగే ఈ స్ప్రింగ్ ట్రైనింగ్‌లో పేరున్న ఆటగాళ్లకు పెద్ద బెంగేమీ ఉండదు. జీతం, చోటు రెండూ ఖాయం. ఒంటిని దారికి తెచ్చుకుని వెళ్లిపోతారు. ప్రతి క్యాంపులోనూ ఒక్క చోటు కోసం మాత్రం ఆరు వారాలూ ఊపిరి బిగబట్టే పోటీ నడుస్తుంది. అది బుల్‌పెన్‌లో చివరి చోటు.

క్రికెట్ తెలిసిన పాఠకులకు దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే గానీ, ఒకసారి మైదానం వదిలితే ఆ రోజుకు అతని ఆట ముగిసినట్టే. మరో స్పెల్ వెయ్యడానికి తిరిగి రాలేడు. అందుకే ఆట మొదలుపెట్టిన పిచర్ అలసిపోయాక ఒకరి తర్వాత ఒకరుగా దిగడానికి రిలీవర్లు కావాలి. వాళ్లు కూర్చుని, చేతులు వేడెక్కించుకునే ఆవరణ పేరే బుల్‌పెన్. 2020 నుంచి జట్టు రోస్టర్‌లో 26 మందికి చోటుంది. 2022 జూన్ నుంచి అందులో పిచర్లు 13 మందికి మించకూడదని నియమం. ఐదుగురు స్టార్టర్లను పక్కన పెడితే మిగిలేది ఎనిమిది మంది రిలీవర్లు. ఆఖరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్, అతనికి ముందు వచ్చే ఇద్దరు ముగ్గురు, ఎడమచేతివాటం వాళ్లు ఒకరిద్దరు, ఇలా ఆరేడు పేర్లు క్యాంపు తెరిచేనాటికే అందరికీ తెలిసి ఉంటాయి. మిగిలిన ఒక్క చోటు కోసం ఏడెనిమిది మంది, ఒక్కోసారి పది మందికి పైగా వరసలో నిలబడతారు.

ఈ పోటీ గురించి మార్చి నెలంతా వచ్చే కథనాలు ఒకే దారిన నడుస్తాయి. నిన్న ఎవరు బాగా వేశారు, ఎవరు దెబ్బ తిన్నారు, కోచ్ ఎవరిని మెచ్చుకున్నాడు. చాలా ఏళ్లుగా ఈ కథనాలను, వాటి తర్వాత ఏప్రిల్‌లో వచ్చే రోస్టర్లను పక్కపక్కన పెట్టి చదువుతూ వచ్చాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటుంది. ఎనిమిదో చోటును తేల్చేవాటిలో మార్చిలో విసిరిన బంతుల వాటా తక్కువ. కాంట్రాక్టు నిబంధనలది పెద్ద వాటా, గాయాలది ఇంకా పెద్ద వాటా. దీన్ని జట్ల యాజమాన్యాలు దాచిపెట్టవు గానీ నోరు తెరిచి చెప్పవు కూడా. ఆ చెప్పకపోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

అసలు ఈ చోటు ఎప్పుడు పుట్టింది? ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆట మొదలుపెట్టిన పిచరే పదింట ఎనిమిదిసార్లు ఆఖరిదాకా వేసేవాడు. రిలీవర్ అంటే స్టార్టర్ కాలేకపోయినవాడు, లేదా ఆ రోజు పని లేని స్టార్టర్. 1924లో వాషింగ్టన్ సెనేటర్స్ తరఫున ఫర్పో మార్బెరీ లాంటివాళ్లు ఆఖర్లో వచ్చి ఆట నిలబెట్టడాన్నే ప్రధాన వృత్తిగా చేసుకోవడం అప్పటికి వింతే. ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించిన రిలీవర్ పేరిట రాసే సేవ్ అనే లెక్క అధికారికంగా నమోదు కావడం 1969లో మొదలైంది. 1988లో ఓక్లాండ్ మేనేజర్ టోనీ లా రూసా తన క్లోజర్ డెనిస్ ఎకర్స్లీని దాదాపుగా తొమ్మిదో ఇన్నింగ్స్‌కే పరిమితం చేసి వాడాక, బుల్‌పెన్‌లో ఎవరి ఇన్నింగ్స్ వాళ్లదనే పద్ధతి పాతుకుపోయింది. ఒక్కో పనికి ఒక్కొక్కడు కావాల్సి వచ్చేసరికి తొమ్మిది, పదిమంది పిచర్లతో సరిపెట్టుకున్న జట్లు పన్నెండుకు, పదమూడుకు చేరాయి. ఇంకా పెంచుకుంటూ పోతుంటే పదమూడు దగ్గర లీగే గీత గీసింది.

ఈలోగా స్టార్టర్ల పని తగ్గుతూ వచ్చింది. 2014 ప్రాంతంలో స్టార్టర్ సగటున దాదాపు ఆరు ఇన్నింగ్స్ వేసేవాడు; ఇప్పుడది ఐదుంబావు దగ్గర ఆడుతోంది. సీజన్ మొత్తం 2,430 ఆటల్లో స్టార్టర్ ఆఖరిదాకా వేసినవి ఇప్పుడు ముప్పై చుట్టుపక్కల ఉంటున్నాయి. ఒక జట్టు ఏడాదికి వెయ్యాల్సిన సుమారు 1,450 ఇన్నింగ్స్‌లో నూటికి నలభై వంతులు రిలీవర్ల భుజాల మీదే. కాబట్టి ఎనిమిదోవాడు అలంకారానికి ఉన్నవాడేం కాదు. నాలుగు రోజులు వరసగా స్టార్టర్లు తొందరగా వెనుదిరిగితే, ఐదో రోజు మూడు ఇన్నింగ్స్ మోసేది అతనే.

ఆ పని ఎలా ఉంటుందో కూడా చూడాలి. జట్టు ఏడు పరుగులు వెనకబడ్డప్పుడు, గెలిచే ఆశ లేనప్పుడు అతన్ని పిలుస్తారు. మంచి రిలీవర్లను రేపటికి దాచుకోవడానికి అతని చెయ్యి ఖర్చు పెడతారు. ఒకప్పుడు ఇలాంటి ఆటల్లో సరదాగా బ్యాటర్‌నే పిచింగ్‌కు దింపేసేవారు. 2023 నుంచి దానికి మరింత గట్టి హద్దు పెట్టారు: ఎనిమిది పరుగులు వెనకబడి ఉంటేనో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పది పరుగుల ఆధిక్యం ఉంటేనో, ఆట అదనపు ఇన్నింగ్స్‌కు వెళితేనో తప్ప కుదరదు. అంటే ఏడు పరుగుల తేడా ఆట మళ్లీ ఎనిమిదోవాడి పద్దులోకే వచ్చింది. మరోపక్క 2020లో వచ్చిన ఇంకో నియమం ఎడమచేతివాటం నిపుణుల బతుకు మార్చేసింది. ఒక్క బ్యాటర్‌కు వేసి వెళ్లిపోయేవాళ్లు అంతకుముందు ప్రతి జట్టులోనూ ఉండేవారు. ఇప్పుడు రిలీవర్ వస్తే కనీసం ముగ్గురికి వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్స్ పూర్తి చెయ్యాలి. ఆ నిపుణులకు కేటాయించిన చివరి చోటు అలా ఖాళీ అయి, రెండు మూడు ఇన్నింగ్స్ వెయ్యగలవాడి వైపు ఒరిగింది.

ఇక ఎంపిక సంగతి. ఇందులో ముందుగా అర్థం చేసుకోవాల్సిన మాట ఆప్షన్. ఒక జట్టు తన ఆధీనంలో ఉన్నట్టు నమోదు చేసుకునే జాబితాలో 40 మంది ఉంటారు. వాళ్లలో 26 మంది పైన ఆడతారు, మిగిలినవాళ్లు మైనర్ లీగుల్లో ఉంటారు. మైనర్ లీగుల్లో మెట్లు చాలా ఉన్నాయి; అన్నిటికన్నా పైది ట్రిపుల్-ఎ, దాని కింద డబుల్-ఎ. (డాలస్ శివారు ఫ్రిస్కోలో కాపురముంటున్న తెలుగువాళ్లు ఎందరో. ఆ ఊరి రఫ్‌రైడర్స్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కు డబుల్-ఎ మెట్టు. ఎనిమిదో చోటు కోసం రేపు పోరాడబోయేవాళ్లను ఇవాళ పది మైళ్ల దూరంలో చూసే వీలు వాళ్లకుంది.) నలభై మంది జాబితాలో ఉన్న కుర్రవాణ్ని జట్టు మూడు సీజన్ల పాటు ఇష్టమున్నప్పుడు కిందికి పంపి, అవసరమైనప్పుడు పైకి తెచ్చుకోవచ్చు. ఈ హక్కే ఆప్షన్. మూడు సీజన్లూ వాడేశాక అతన్ని కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి. అంటే తక్కిన ఇరవై తొమ్మిది జట్లకూ ‘కావాలంటే తీసుకోండి’ అని చెప్పినట్టే. ఎవరైనా చెయ్యెత్తితే అతను చెయ్యి జారిపోయినట్టే.

ఇప్పుడు మార్చి 25న జనరల్ మేనేజర్ ముందు ఇద్దరు ఉన్నారనుకోండి. ఒకడు ఇరవై ఐదేళ్లవాడు, 98 మైళ్ల వేగంతో వేస్తాడు, ఆప్షన్లు రెండు మిగిలాయి. రెండోవాడు ముప్పై ఏళ్లవాడు, 93 మైళ్లు, ఆప్షన్లు అయిపోయాయి. మొదటివాడు మెరుగని అందరికీ తెలుసు. అయినా చాలాసార్లు రెండోవాడే చోటు దక్కించుకుంటాడు. మొదటివాణ్ని ట్రిపుల్-ఎకు పంపినా అతను జట్టు దగ్గరే ఉంటాడు, రెండోవాణ్ని పంపితే వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. ఆరు నెలల సీజన్‌లో జట్టుకు ముప్పై మందికి అటూ ఇటూగా పిచర్లు అవసరపడతారు. ఆ లెక్క తెలిసిన మేనేజర్ ఏ ఒక్కణ్నీ ఉచితంగా వదులుకోడు. జట్టు కోణంలో ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు. ఈ నిర్ణయాన్ని ప్రతిభ తీర్పుగా చదివి, మొదటివాడిలో ఏదో లోపముందని వెతకడం దగ్గరే అభిమానులు, విలేకరులు పొరబడుతున్నారు.

ఆప్షన్ అనే హక్కు మనిషి మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే లూయిస్ హెడ్ కథ తెలియాలి. 2012లో క్లీవ్‌లాండ్ అతన్ని డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదో రౌండ్‌లో తీసుకుంది. మైనర్ లీగుల్లో ఏళ్ల తరబడి ఆడాడు. 2020లో డాడ్జర్స్ సంస్థ వదిలేశాక సోలార్ ప్యానెళ్లు అమ్మే ఉద్యోగం చేశాడు. 2021 వసంతంలో టాంపా బే రేస్ నలభై మంది జాబితాలో చోటివ్వకుండా కేవలం క్యాంపుకు పిలిచింది. ఆ ఏప్రిల్‌లో, ముప్పై ఒకటో పుట్టినరోజు అయిన రెండు రోజులకు, మేజర్ లీగ్‌లో తొలిసారి దిగాడు. ఆ సీజన్‌లో 35 ఇన్నింగ్స్ వేసి 2.31 ఈఆర్ఏ నమోదు చేశాడు. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు. నాలుగు మామూలు, మూడుకు తగ్గితే చాలా మంచిది. అంత బాగా వేసినవాణ్ని రేస్ ఆ ఒక్క సీజన్‌లోనే పదిసార్లకు పైగా కిందికి పంపింది. రెండు రోజులు వేశాడా, చెయ్యి అలసిందా, విశ్రాంతి పేరుతో ట్రిపుల్-ఎకు; అతని బదులు తాజా చెయ్యి పైకి. వారం తిరక్కుండా మళ్లీ పిలుపు. రేస్ ఆ ఏడు వంద ఆటలు గెలిచింది. అందులో హెడ్ పెట్టె సర్దుకుని చేసిన ప్రయాణాల వాటా కూడా ఉంది. సీజన్ ముగిశాక అతన్ని మయామీకి పంపేశారు.

2022లో కొత్త ఒప్పందం కుదిరినప్పుడు ఒక ఆటగాణ్ని సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదని రాశారు. ఐదు దాటితే వేవర్సే. హెడ్ అనుభవమే ఈ నియమానికి ప్రేరణగా చాలామంది చెప్పుకున్నారు. కిందికి పంపిన పిచర్‌ను గాయాల వల్ల ఖాళీ ఏర్పడితే తప్ప 15 రోజులదాకా పైకి తేకూడదన్న నియమం కూడా అప్పటినుంచే అమల్లో ఉంది. ఈ రెండు గీతల వల్ల ఎనిమిదో చోటు బస్‌స్టాప్ కాకుండా కొంత ఆగింది. కొంతే.

ఇంతకీ మార్చిలో వేసిన బంతులకు విలువ లేదా? ఉంది, కానీ స్కోరు కార్డులో అది కనబడదు. చివరి చోటుకు పోటీపడే రిలీవర్ వసంతమంతా కలిపి వేసేది ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్. ఎదుర్కొనేది నలభై మంది బ్యాటర్లను. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక్క మూడు పరుగుల హోమ్ రన్ పడితే అతని ఈఆర్ఏ ఏకంగా మూడు పెరుగుతుంది. రసెల్ కార్ల్‌టన్ అనే పరిశోధకుడు ఏ గణాంకం ఎంతమంది బ్యాటర్లను ఎదుర్కొన్నాక నమ్మదగినదవుతుందో లెక్క కట్టాడు. పిచర్ల విషయంలో అన్నిటికన్నా ముందు నిలకడకు వచ్చే స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చెయ్యడం) శాతానికే సుమారు 70 మంది బ్యాటర్లు కావాలి. వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా బేస్ ఇవ్వడం) శాతానికి 170 మంది కావాలి. నలభై మందితో వచ్చే ఈఆర్ఏ చూసి తీర్పు చెప్పేవాడు పాచిక వేసి చెప్పినట్టే.

పైగా ఆ నలభై మంది ఎవరు? వసంతపు ఆటల్లో అసలు బ్యాటర్లు ఐదో ఇన్నింగ్స్‌కల్లా స్నానం చేసి ఇంటికి వెళ్లిపోతారు. ఏడో ఇన్నింగ్స్‌లో దిగే మన పోటీదారుకు ఎదురుపడేది తొంభైల్లో నంబర్లున్న జెర్సీలు వేసుకున్న కుర్రాళ్లు. ఈ ఇబ్బంది తెలిసే బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్ వాళ్లు వసంతపు గణాంకాల పక్కన ఎదురైన బ్యాటర్ల స్థాయికి కూడా ఒక అంకె వేస్తారు: మేజర్ లీగ్ స్థాయికి 10, ట్రిపుల్-ఎకు 8. అరిజోనా సంగతి మరీను. ఎడారి గాలి పొడిగా ఉంటుంది, బంతి దూరం పోతుంది, వంపు బంతులు సరిగా వంగవు. ఫ్లోరిడా తేమలో వేసినవాడి అంకెలనూ అరిజోనాలో వేసినవాడి అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

అయితే కోచ్‌లు ఏం చూస్తారు? మొదటి రెండు వారాల్లో వేగం. నిరుడు సెప్టెంబర్‌లో 96 వేసినవాడు మార్చి మొదట్లో 92 దగ్గర ఆగిపోతే భుజం మీద అనుమానం మొదలవుతుంది. చలికాలంలో నేర్చుకున్నానని చెప్పిన కొత్త బంతి నిజంగా వంగుతోందా అని కెమెరాలు పట్టిస్తాయి; బంతి ఎన్ని చుట్లు తిరిగింది, ఎన్ని అంగుళాలు పక్కకు జరిగింది, చేతిలోంచి ఏ ఎత్తున వదిలాడు అన్నీ మరునాటి ఉదయానికి కాగితం మీద ఉంటాయి. వరసగా రెండు రోజులు వేస్తే రెండో రోజు ఎలా ఉన్నాడన్నది చాలా ముఖ్యం. అందుకే మార్చి మూడో వారంలో ప్రతి పోటీదారునూ ఒకసారైనా వరస రోజుల్లో దింపుతారు. 2023లో పిచర్ బంతి వెయ్యడానికి గడువు పెట్టే గడియారం వచ్చాక ఇంకో పరీక్ష చేరింది. బేస్ మీద రన్నర్ ఉంటే పిచర్ రెండుసార్లకు మించి ఊరికే ఆగడానికి, అటు బంతి వేసి చూడడానికి లేదు. మూడోసారి వేసి ఔట్ చెయ్యలేకపోతే రన్నర్‌కు ఒక బేస్ ఉచితం. బేస్‌లు దొంగిలించే రన్నర్లు ఒక్కసారిగా పెరిగారు. నెమ్మదిగా కాలెత్తి వేసే అలవాటున్న పెద్దవాళ్లకు ఇది పెద్ద అడ్డంకైంది.

ఇవన్నీ ప్రధాన మైదానంలో టికెట్ కొన్న ప్రేక్షకుడి కళ్ల ముందే జరుగుతాయని కాదు. వెనక మైదానాల్లో ఉదయం తొమ్మిదిన్నరకు, గట్టు మీద నలుగురు స్కౌట్లు, చేతిలో ట్యాబ్ పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, ఒక క్యాచర్, బ్యాట్ పట్టుకుని నిలబడ్డ మైనర్ లీగ్ ఆటగాడు. పిచర్ ఇరవై బంతులు వేస్తాడు. స్కోరు లేదు, చప్పట్లు లేవు. ప్రతి బంతికీ ట్యాబ్ వైపు ఒక చూపు. ఎనిమిదో చోటు గురించిన వాస్తవమైన సమాచారంలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. ఇది విలేకరుల కథనాల్లో ఒక వాక్యం దాటదు.

కొలమానాలను నమ్మేవాళ్లకూ పాతకాలపు మేనేజర్లకూ మధ్య ఈ చోటు విషయంలో తీవ్రమైన భేదాభిప్రాయం ఉండేది. ఇప్పుడది చాలావరకు చల్లారింది. ఇంకా తేలని ప్రశ్న మరొకటుంది: ఈ చోటును ఎదిగే కుర్రాడికివ్వాలా, నలిగిన అనుభవజ్ఞుడికివ్వాలా? బాల్టిమోర్ మేనేజర్ ఎర్ల్ వీవర్ కుర్ర పిచర్లను మొదట లాంగ్ రిలీఫ్‌లో, అంటే రెండు మూడు ఇన్నింగ్స్ వేసే రిలీవర్లుగా పెట్టి అలవాటు చేయించాలని గట్టిగా నమ్మేవాడు. ఒత్తిడి తక్కువగా ఉన్న ఆటల్లో మేజర్ లీగ్ బ్యాటర్లను చూస్తాడు, నేర్చుకుంటాడు అన్నది ఆయన వాదన. 2006లో సెయింట్ లూయిస్ యువకుడు ఆడమ్ వెయిన్‌రైట్ స్టార్టర్ చోటుకు పోటీపడి సిడ్నీ పాన్సన్ చేతిలో ఓడి, ఓదార్పుగా బుల్‌పెన్‌లో చేరాడు. ఆ అక్టోబర్‌లో అదే కుర్రాడు వరల్డ్ సిరీస్ ఆఖరి బంతి వేశాడు. తర్వాత పదిహేనేళ్లకు పైగా ఆ జట్టుకు స్టార్టర్‌గా నిలిచాడు. వీవర్ వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

ఎదురు వాదనలోనూ పస ఉంది. ఓడిపోయే ఆటల్లో మాత్రమే, పది రోజులకోసారి దిగే కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? ట్రిపుల్-ఎలో ఐదు రోజులకోసారి తప్పనిసరిగా వేస్తే చెయ్యి, బుద్ధి రెండూ పదునెక్కుతాయి. నా మొగ్గు వీవర్ వైపే, ఒక షరతు మీద. ఆ కుర్రాడికి వారానికి రెండుసార్లయినా పని ఇస్తానని మేనేజర్ మాటివ్వాలి. ఖాళీగా కూర్చోబెట్టడానికి పైకి తీసుకురావడం కంటే కింద ఆడించడమే మేలు.

కుర్రాడికి ఆ చోటు చట్టమే కట్టబెట్టే సందర్భం ఒకటుంది, రూల్ ఫైవ్ డ్రాఫ్ట్. మైనర్ లీగుల్లో కొన్నేళ్లు ఆడినా సొంత సంస్థ నలభై మంది జాబితాలో చేర్చని ఆటగాళ్లను డిసెంబర్‌లో వేరే జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు. ఒకే మెలిక: అతన్ని సీజన్ అంతా మేజర్ లీగ్ రోస్టర్‌లోనే ఉంచాలి. కాదనుకుంటే వేవర్స్ దాటించి, పాత సంస్థకు సగం సొమ్ముకు తిరిగి ఇవ్వజూపాలి. 1999 డిసెంబర్‌లో ఇలాగే ఫ్లోరిడా మార్లిన్స్ హ్యూస్టన్ నుంచి ఒక వెనిజులా కుర్రాణ్ని తీసుకుని వెంటనే మిన్నెసోటాకు ఇచ్చేసింది. ఇరవై ఒకటో ఏట ఆ కుర్రాడు మిన్నెసోటా బుల్‌పెన్‌లో 86 ఇన్నింగ్స్ వేసి 6.49 ఈఆర్ఏతో సీజన్ ముగించాడు. ఏ లెక్కన చూసినా ఘోరం. ఆ ఏడు 93 ఆటలు ఓడిన జట్టు కాబట్టి మోయగలిగింది. అతని పేరు యోహాన్ సాంటానా. 2004లో, 2006లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. ఓపికకు అంత ప్రతిఫలం దక్కడం అరుదే. శాన్ డియేగో సంస్థ నుంచి కాన్సస్ సిటీ తీసుకున్న వాకీమ్ సోరియా 2007లోనే క్లోజర్ పని అందుకున్నాడు. గారెట్ విట్‌లాక్ మరీ విచిత్రం. మోచేతి శస్త్రచికిత్స తర్వాత 2020లో ఒక్క ఆటైనా ఆడలేదు, డబుల్-ఎ దాటి వెయ్యలేదు. యాంకీస్ నలభై మంది జాబితాలో చేర్చని అతన్ని వాళ్ల బద్ధ శత్రువు బోస్టన్ తీసుకుంది. 2021లో 73 ఇన్నింగ్స్‌కు పైగా వేసి 1.96 ఈఆర్ఏ నమోదు చేశాడు.

విట్‌లాక్‌ను తీసుకున్న 2020 రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లోనే యాంకీస్ నుంచి క్లీవ్‌లాండ్ ట్రెవర్ స్టీఫన్ అనే మరో పిచర్‌ను తీసుకుంది. అతనూ ఎనిమిదో చోటులో కుదురుకుని, 2022 నాటికి ఆఖరి ఇన్నింగ్స్‌లకు నమ్మకస్తుడయ్యాడు. 2024 వసంతంలో మోచెయ్యి చెడి శస్త్రచికిత్సకు వెళ్లాడు. అదే క్యాంపులో మరో ఇద్దరు రిలీవర్లు, సామ్ హెంజెస్, జేమ్స్ కరించాక్ కూడా గాయపడ్డారు. అలా తెరుచుకున్న తలుపులోంచి లోపలికొచ్చినవాడు కేడ్ స్మిత్. కెనడా కుర్రాడు, హవాయి విశ్వవిద్యాలయంలో చదివాడు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2020 మామూలు డ్రాఫ్ట్‌ను ఐదు రౌండ్లకు కుదించడంతో ఎవరూ ఎంచుకోకపోగా మామూలు ఒప్పందంతో చేరాడు. ఆ ఏడాది 74 ఆటల్లో 75 ఇన్నింగ్స్ దాటి వేసి, 1.91 ఈఆర్ఏతో లీగ్‌లోని మేటి రిలీవర్లలో ఒకడయ్యాడు. ముగ్గురి చేతులు బాగుండి ఉంటే అతను ఏప్రిల్‌లో ఎక్కడ ఉండేవాడో! స్మిత్ ప్రతిభను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. మార్చిలో ఎవరి పేరూ రాయని జాబితా ఒకటి చికిత్స గదిలో తయారవుతూ ఉంటుందని చెప్పడానికే ఇది.

కాగితాల వల్ల చోటు పోగొట్టుకుని కాగితాల వల్లే బతికినవాడు డారెన్ ఓడే. పక్కనుంచి, దాదాపు నేలకు రాసుకున్నట్టుగా బంతి వదిలే పిచర్. 2008 డిసెంబర్‌లో రూల్ ఫైవ్‌లో న్యూయార్క్ మెట్స్ ఏంజెల్స్ నుంచి తీసుకుంది. 2009 ఏప్రిల్‌లో చివరి చోటు దక్కింది. నాలుగు ఆటలు వేశాక మెట్స్‌కు వేరే పిచర్ అవసరం పడి అతన్ని వేవర్స్‌లో పెట్టింది. టెక్సస్ చెయ్యెత్తింది. కొత్త జట్టు టొరంటోలో ఆడుతున్న రాత్రే అక్కడికి చేరి, తన పేరుతో జెర్సీ ఇంకా సిద్ధం కాకపోవడంతో వీపు మీద గ్యాబర్డ్ అని వేరొకరి పేరున్న చొక్కా తొడుక్కుని అదనపు ఇన్నింగ్స్‌లో దిగాడు. ఆ ఏడు టెక్సస్‌కు రెండు లోపు ఈఆర్ఏ ఇచ్చాడు, మరుసటేడు వరల్డ్ సిరీస్‌లో వేశాడు, 2015లో బాల్టిమోర్ తరఫున ఆల్-స్టార్ అయ్యాడు. వేవర్స్ నియమం మీద నాకున్న గౌరవానికి ఇలాంటి బతుకులే కారణం. ఒక జట్టు అక్కర్లేదన్నవాణ్ని మూలన పడేసి దాచుకోకుండా, కావాలనుకునే జట్టుకు చేర్చే దారి అది.

అనుభవజ్ఞులకు ఇంకో ఆయుధం ఉంది. ఆరేళ్ల సర్వీసు దాటి, నిరుటి సీజన్‌ను మేజర్ లీగ్‌లో ముగించి ఏ జట్టుకూ కట్టుబడని ఫ్రీ ఏజెంటైనవాడు మైనర్ లీగ్ ఒప్పందంతో క్యాంపుకొస్తే, సీజన్‌కు ఐదు రోజుల ముందు, మళ్లీ మే 1న, జూన్ 1న చోటివ్వకపోతే వెళ్లిపోతానని చెప్పే హక్కు 2022 ఒప్పందంతో వచ్చింది. మార్చి ఆఖరి వారంలో పేర్లు హఠాత్తుగా మారిపోవడానికి ఇదే కారణం. 2025లో ర్యాన్ యార్‌బ్రో టొరంటో క్యాంపులో కష్టపడి, చోటు ఖాయం కాకపోవడంతో బయటికొచ్చి, సీజన్ ముంగిట్లో యాంకీస్‌తో 20 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. మే నాటికి వాళ్లకు స్టార్టర్‌గా వేస్తున్నాడు. యాంకీస్ క్యాంపులో ఎనిమిదో చోటు కోసం ఆరు వారాలు పోరాడినవాళ్ల మాటేమిటి? వాళ్లు ఓడింది తమ క్యాంపులో ఎన్నడూ కనబడని మనిషి చేతిలో.

ఈ చోటుకు ఎంత విలువ? 2023 లెక్క చెబుతాను. మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,20,000 డాలర్లు. ఆ ఏడాదే తొలిసారి కుదిరిన మైనర్ లీగ్ ఒప్పందం ప్రకారం ట్రిపుల్-ఎ కనీస జీతం 35,800. పైన పది రోజులు ఉంటే కింద ఏడాది సంపాదన దాటిపోతుంది. డబ్బు ఒక్కటే అయితే ఇంత రాయను. మేజర్ లీగ్‌లో ఒక్క రోజు ఉన్నవాడికి ఆరోగ్య బీమా పథకంలో హక్కు పుడుతుంది. 43 రోజులు పూర్తయితే పింఛను హక్కు వస్తుంది. 172 రోజులైతే పూర్తి ఏడాది సర్వీసు. సీజన్ మొదట్లో ఆరు వారాలు దాటిన చోటు ముప్పై రెండేళ్ల పిచర్‌కు ముసలితనంలో పింఛను అవుతుంది. అదే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో ఉన్నన్ని రోజులూ మేజర్ లీగ్ ఒప్పందం ఉన్నవాడికి జీతం ఉండదు, ఖర్చుల భత్యమే. 1946లో ఆటగాళ్లను సంఘంగా కూడగట్టబోయిన రాబర్ట్ మర్ఫీ పేరు మీద దాన్ని ఇప్పటికీ మర్ఫీ మనీ అంటారు.

ఇలా చివరి చోటు అంచున వేలాడే మనిషి లోపలి మాట తెలియాలంటే పిచర్ జిమ్ బౌటన్ రాసిన ‘బాల్ ఫోర్’ చదవాలి. 1969లో కొత్తగా పుట్టిన సియాటిల్ పైలట్స్ క్యాంపులో, చెయ్యి చెడిన పాత హీరోగా, నకిల్‌బాల్ అనే నెమ్మది బంతిని నమ్ముకుని చోటు కోసం పోరాడిన రోజులను అతను దినచర్యగా రాశాడు. 1970లో పుస్తకం వచ్చినప్పుడు కమిషనర్ పిలిచి మందలించాడు. 1969 ఏప్రిల్‌లో చోటు దక్కించుకున్న బౌటన్‌ను కొద్ది రోజులకే వాంకూవర్‌కు పంపి, మళ్లీ పిలిచారు. యాభై ఏళ్లు దాటినా ఈ భాగం ఏమాత్రం పాతబడలేదు.

నా ఫిర్యాదు ఏమిటో ఇప్పుడు చెప్పగలను. జట్లు కాగితాలు చూసి నిర్ణయించడం సహజం. కానీ ఫిబ్రవరిలోనే ఖాయమైన చోటును మార్చి 26 దాకా పోటీగా ప్రకటించడం, క్యాంపుకు పిలిచిన పదిమందికీ సమాన అవకాశముందని చెప్పి చేతులు అరగదీయించడం మంచి పద్ధతి కాదు. పోటీలో ఉన్నాననుకున్నవాడు మార్చి మొదటి వారంలోనే పూర్తి బలంతో విసురుతాడు; చోటు లేదని తెలిసినవాడు మెల్లగా మే నెలకు సిద్ధమవుతాడు. లేని పోటీ కోసం తొందరపడి చెడిన మోచేతులకు ఎవరూ లెక్క కట్టరు. ఆప్షన్లున్న కుర్రవాడికి మొదటి రోజే ‘నువ్వు ట్రిపుల్-ఎలో మొదలుపెడతావు, ఫలానా రెండు పనులు చేసి చూపిస్తే మొదటి పిలుపు నీదే’ అని చెబితే జట్టుకు పోయేదేమీ లేదు.

ఆటగాళ్ల సంఘానికీ యాజమాన్యాలకూ మధ్య ప్రస్తుత ఒప్పందానికి 2026 డిసెంబర్ 1తో గడువు తీరుతుంది. జీతాల పరిమితి లాంటి పెద్ద తగవుల మధ్య ఎనిమిదోవాడి గొడవ వినబడటం కష్టమే. అయినా మూడు మార్పులు అడగవచ్చు. సీజన్‌లో ఐదుసార్లు కిందికి పంపే వీలును మూడుకు తగ్గించాలి. పిచర్ రెండు రోజులు వేశాడన్న కారణంతోనే కిందికి పంపితే, ఆ తొలి వారం పైన ఉన్నట్టే సర్వీసు లెక్కలో కలపాలి. చివరిది, చోటివ్వకపోతే వెళ్లిపోయే హక్కును ఆరేళ్ల వాళ్లతో ఆపకుండా మూడేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకూ ఇవ్వాలి. వేవర్స్‌లోకి పదేపదే పడేది ఎక్కువగా ఆ మధ్య మెట్టు మీద ఉన్నవాళ్లే.